ఎర్నమ్మ దూలం

ఈ సంగతి మొదట చెప్పినది కుమ్మరి ముత్యాలు. కల్లుపాకలో కుండలు దించుతూ ఆవిడ కళ్లారా చూసింది, చెవులారా విన్నది. కొలిమి దగ్గర జరిగిందీ, గురువు దగ్గర జరిగిందీ ఆ తరవాత కమ్మరి బ్రహ్మలింగమే ఆవిడ దగ్గర కూర్చుని చెప్పుకున్నాడు. ఆవిడ తరవాత ఈ కథ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకడు హార్మోనియం ముందు పెట్టుకుని, జోగులయ్య గురువు కల్లుని శపించాడని పాట కట్టి ఊరూరా పాడాడు. ఆయన పేరు ఇక్కడ ఎత్తవలసిన పని లేదు. ఎత్తితే ఆ పాట ఇంకో నాలుగు రోజులు బతుకుతుంది. ముత్యాలు చేసిన కుండ చుక్క కారేది కాదు, చెప్పిన మాటా అంతే. ఆవిడ చెప్పినది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

జోగులయ్య గురువుకి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పడు, పని చెబుతాడు. వైరాగ్యం ఎలా కలుగుతుందని ఒకడు అడిగితే, పుట్టింటికి పోయిన పెళ్లాన్ని ముందు తీసుకు రమ్మన్నాడు. వాడు తీసుకొచ్చాడు, మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. అందుకని తెలిసినవాళ్లు ఆయన్ని ప్రశ్న అడిగే ముందు చేతిలో పని ఏమీ లేకుండా చూసుకుని మరీ అడిగేవాళ్లు.

బ్రహ్మలింగం అడిగిన రోజున అతని చేతికి పని లేదు. ఊరు దుఃఖంలో ఉంది, కొలిమి చల్లారి ఉంది.

ముంతవలస కొండ అంచున ఉన్న ఊరు. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో అడవిపందులు మందగా దిగితే తెల్లారేసరికి చేను చేనులా ఉండదు. అందుకని ఇంటికొకటి కాకపోయినా వీధికొకటి నాటు తుపాకి ఉండేది. అన్నీ బ్రహ్మలింగం చేతి పనే. అతని తుపాకితో పంది పడితే తొడముక్క ఆకులో చుట్టి కొలిమికి పంపడం ఆనవాయితీ. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఎవడి పనిముట్టు కొలిమిలో ఉంటే వాడే తిత్తి ఊదాలి. నాగలికర్రు రైతుదైతే రైతే ఊదాలి, కత్తి గొల్లవాడిదైతే గొల్లవాడే ఊదాలి. బ్రహ్మలింగం నిప్పు వైపు చూస్తూ కూర్చుంటాడు. మంట ఎగిరే తీరు చూసి, ఊదేవాడు ఆకలి మీద ఉన్నాడో, ఇంట్లో తగువు పడి వచ్చాడో చెప్పేవాడు. చెప్పి నవ్వేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

ఊరికీ గురువుగారి పాకకీ నడుమ, దారి మీద, ఎర్నమ్మ కల్లుపాక. తమ్ముడు జీలుగు చెట్టెక్కి కల్లు దించితే ఆవిడ పోసేది. ఆవిడ మొగుడు పోయింది ఆ పాకలోనే. తాగి కొట్టుకుంటున్న ఇద్దరి మధ్యకి అడ్డం పోయి గొడ్డలి దెబ్బ తిన్నాడు. ఆయన దినాలు అయిపోయిన మర్నాడు ఎర్నమ్మ పాక తెరిచి, నడిమి దూలానికి తాళ్లు కట్టింది. అప్పట్నుంచీ అదే కట్టుబాటు. కత్తి గానీ, గొడ్డలి గానీ, తుపాకి గానీ, చేతిలో ఇనుము ఉన్నవాడు దాన్ని దూలానికి తగిలిస్తే తప్ప ముంత నిండదు. తిరిగి ఇచ్చేది మర్నాడు. ఇచ్చే ముందు ఆవిడ తన అరచెయ్యి వాడి నోటి ముందు పట్టి "ఊదు" అంటుంది. ఊదాక చెయ్యి వాసన చూసుకుంటుంది. నచ్చకపోతే సాయంత్రం రమ్మంటుంది. మునసబు తమ్ముడిని కూడా ఒకసారి సాయంత్రం రమ్మంది. ఆ కోపం ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది.

ఆ ఏడు జొన్న కోతకి వచ్చే ముందు తవుడు అనే రైతు సందెవేళ చేలో మంచె మీద కూర్చుని ఉన్నాడు. బాగా తాగి ఉన్నాడు. జొన్న కదిలింది. కాల్చాడు. పంది కాదు, అతని భార్య నారమ్మ. మొగుడు ఇంటికి రాలేదని అంబలి ముంత నెత్తిన పెట్టుకుని తనే చేలోకి వచ్చింది. జనం పరుగెత్తేసరికి తవుడు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, విరిగిన ముంత పెంకులు ఏరుతూ ఉన్నాడు. ఏమయిందిరా అంటే, "అంబలి ఒలికిపోయింది" అన్నాడు. అంతకంటే ఇంకో మాట అతని నోట ఎవరూ వినలేదు. పట్నం జైలుకి పోయేటప్పుడు కూడా.

పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని ఆలోచించారు. తవుడు ఆ సాయంత్రం ఎర్నమ్మ పాకలో తాగినట్టు చూసినవాళ్లున్నారు. ఇంటికి పోలేదని పొరుగావిడ చెప్పింది. ఇంటికి పోకుండా తుపాకి ఎక్కడ నుంచి వచ్చింది? ఎర్నమ్మ దూలం నుంచే రావాలి. మర్నాడు ఇవ్వవలసినది ఆ పూటే ఇచ్చేసింది. నారమ్మ చావు ఎర్నమ్మ చేతిదే అని తేల్చారు.

"తవుడు వట్టి చేతులతో వచ్చినాడు బావూ, దూలానికి తగిలించడానికి ఆడి దగ్గర ఏటీ నేదు" అని ఎర్నమ్మ చెప్పింది.

"ఊరందరి దగ్గరా ఇనుము తీసి పెట్టుకునేదానివి, వాడి దగ్గర మాత్రం తీసుకోలేదంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు మునసబు తమ్ముడు.

చూడండి ఈ న్యాయం. ఆవిడ ఏ కట్టుబాటూ పెట్టుకోకుండా అందరిలాగే కల్లు పోసి ఊరుకుని ఉంటే, ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఆవిడ జాగ్రత్తే ఆవిడ మీద సాక్ష్యం అయింది. ఆ రోజు నుంచి ఊరివాళ్లెవరూ ఆవిడ చేతి ముంత ముట్టుకోలేదు. అమ్మవారి పండక్కి మొదటి కల్లు కుండ, లొట్టి అంటారు, ఆ పాక నుంచి పోయేది, అదీ ఆపేశారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు బ్రహ్మలింగాన్ని తుపాకి చేసిందెవరని అడిగారు. ఎప్పుడో చేశాను, పందుల కోసం చేశాను అన్నాడు. ఇచ్చిందెవరని అడగలేదు. అతను చెప్పలేదు.

అలాంటి రోజుల్లో బ్రహ్మలింగం గురువుగారి దగ్గరకి వెళ్లాడు. పదిమంది శిష్యులు కూర్చుని ఉన్నారు. గురువు చింతపండు పిక్కలు తీస్తున్నాడు.

"గురువుగారూ, ఒక సందేహం" అన్నాడు బ్రహ్మలింగం. "కల్లు లోపలికి పోతే మనిషి బుద్ధి మారిపోతుంది. మంచి మనిషి పామైపోతాడు. తుపాకి అలా కాదు. అది ఎవరి బుద్ధినీ మార్చదు. పట్టుకున్నవాడి బుద్ధే దాని బుద్ధి. పందిని చూపిస్తే పందిని కొడుతుంది. అలాంటప్పుడు జరిగిన దాంట్లో కల్లు అమ్మినవాడి పాలెంత, తుపాకి అమ్మినవాడి పాలెంత? అసలు తుపాకి అమ్మినవాడికి పాలు ఉందా అని."

పక్కన బంగారయ్య అని గానుగవాడు ఒకడున్నాడు. నోరు ఊరుకోదు. "పాలు లేకపోవడమేటి మామా? అదే తుపాకి పందిని కొట్టినప్పుడు నీ పనితనం అని తొడముక్క తీసుకున్నావు. మనిషిని కొట్టేసరికి తవుడి చెయ్యి అయిపోనాది."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, నారమ్మ గుర్తొచ్చి ఆగిపోయారు. బ్రహ్మలింగం మొహం మాడింది. "నేను నిన్ను అడగలేదురా. గురువుగారిని అడిగాను" అన్నాడు.

గురువు పిక్క ఒకటి తీసి పక్కన పెట్టాడు. "బ్రహ్మలింగం, నాకు కల్లు కావాలి" అన్నాడు.

ఆయన కల్లు ముట్టగా చూసినవాళ్లు లేరు.

"ఎర్నమ్మ పాకకి పోయి ఒక లొట్టి పట్రా. దారిలో ఎలుగులు తిరుగుతున్నాయంటున్నారు. ఇంటికి పోయి నీ తుపాకి తీసుకుని మరీ వెళ్లు."

హార్మోనియం ఆయన పాటలో ఈ ముక్క ఉండదు. గురువు కల్లు తెమ్మన్నాడంటే వినేవాళ్లు లేచిపోతారని ఆయన భయం. తెమ్మన్నాడు. ముత్యాలు ఆ లొట్టి చేసింది, ఆవిడకి తెలీదా?

బ్రహ్మలింగం పాకకి వచ్చేసరికి లోపల తాగేవాళ్లు లేరు. ముత్యాలు మాత్రం వాడని కుండలు తిరిగి గంపకెత్తుకుంటూ ఉంది. ఊళ్లో బేరం పోయాక అన్ని కుండలు ఎర్నమ్మకి అక్కరలేకపోయాయి. అతన్ని చూసి ఎర్నమ్మ తువ్వాలు దులిపి బల్ల మీద పరిచింది.

"ఓలమ్మా, కమ్మరి బావు ఇటొచ్చినారేటి. కూకోండి."

"నాకు కాదు అప్పా. గురువుగారికి ఒక లొట్టి పొయ్యి."

ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది. తరవాత మంచి లొట్టి వెతికి, కడిగి, బోర్లించింది. కల్లు కుండ వంచబోయి ఆగింది. "ఇనుము దూలానికి తగిలించండి బావూ."

"నేను తాగనని చెప్పానుగా."

"ఇన్నాను. తగిలించండి."

"నా మాట మీద నమ్మకం లేదేటి నీకు? ఈ దూలానికి వేలాడినదంతా నా కొలిమిలో పుట్టిందే. నా ముందా నీ కట్టుబాటు?"

"మీ కొలిమిలో పుట్టినాది గాబట్టే అది బాగా తెగుద్దని తెలుసు" అంది ఎర్నమ్మ. "ఈ కల్లు ఎవరి నోట్లోకి ఎల్తాదో కుండకి తెల్దు, నాకూ తెల్దు. గురువుగారు తాగుతారో, మీకే పోస్తారో. నా చేత్తో రెండూ ఒక్కసారి పంపను."

ముత్యాలు గంప కట్టుకోవడం ఆపి చూస్తోంది. ఆడవాళ్లిద్దరి ముందు తుపాకి కోసం తగువాడటం చిన్నతనంగా తోచి, బ్రహ్మలింగం దాన్ని దూలానికి తగిలించాడు. తగిలిస్తూ పైకి చూశాడు. తాళ్లు కట్టిన చోట దూలం ఇనుము రాసుకుని నున్నగా అరిగిపోయి ఉంది. ఇప్పుడు వేలాడేది ఇంకేమీ లేదు. అతని తుపాకి ఒక్కటే గాలికి కొంచెం తిరిగి ఆగింది.

లొట్టి తెచ్చి గురువు ముందు పెట్టాడు. గురువు దాని వంక చూడలేదు.

"తుపాకి ఏది?"

"ఎర్నమ్మ ఉంచేసుకుంది. కల్లూ ఇనుమూ ఒక్కసారి పంపదట."

"అలాగా. ఊళ్లో ఎవరూ రాని పాకలో, ఊరు వెలేసిన మనిషి, ఇంకా అదే పని చేస్తోందన్నమాట." చింతపండు బుట్ట దగ్గరకి లాక్కున్నాడు. "రేపు పోయి తెచ్చుకో."

మర్నాడు పొద్దున్నే బ్రహ్మలింగం పాకకి వెళ్లాడు. ముత్యాలు రెండో గంప కోసం వచ్చి ఉంది. ఎర్నమ్మ దూలం కింద నిలబడి, అరచెయ్యి అతని నోటి ముందు పట్టింది.

"ఊదండి."

బ్రహ్మలింగం ఊదలేదు. ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయాడు. కల్లు కుండలు మోసి మోసి కాయలు కాచిన చెయ్యి. ముత్యాలు చెప్పేది, అంత పెద్ద మనిషి ఆ చేతి ముందు చిన్నబిడ్డలా నిలబడ్డాడని.

అతనికి కొలిమి కనబడుతోంది. నారమ్మ పోయిన రోజు పొద్దున్న తవుడు మీట విరిగిన తుపాకి కొలిమి దగ్గర పడేసి పోయాడు. సాయంత్రం వచ్చాడు. కొత్త మీట కాల్చాలి, ఊదరా అన్నాడు బ్రహ్మలింగం. తవుడు తిత్తి అందుకున్నాడు. మంట ఒకసారి చూరంత ఎత్తు లేచింది, ఒకసారి బూడిదలోకి కుంగింది. మళ్లీ లేచింది. ఊదేవాడు ఆకలి మీద ఉన్నా అలా ఉండదు, తగువు పడి వచ్చినా అలా ఉండదు. ఎలా ఉంటే అలా ఉంటుందో బ్రహ్మలింగానికి తెలుసు. వాసన చూడక్కర్లేదు. నిప్పే చెప్పింది. "తిన్నగా ఊదరా, ఇనుము పాడైపోద్ది" అని కసిరాడు. అతని బెంగ ఇనుము గురించి. మీట అతికింది. చక్కగా అతికింది. రెండుసార్లు నొక్కి చూసి, తుడిచి, తవుడి చేతిలో పెట్టాడు. వాడి వస్తువు వాడికి ఇచ్చాడు. అంతే అనుకున్నాడు.

"ఊదండి బావూ, చెయ్యి లాగేస్తంది" అంది ఎర్నమ్మ.

ఊదాడు. ఆవిడ చెయ్యి వాసన చూసుకుని, తల ఊపి, తుపాకి తాడు విప్పింది. ఇవ్వబోతూ ఇవ్వకుండా పట్టుకుంది.

"ఒక్క మాట సెప్పాలి. మీరు పెద్దల పక్కన కూకునే మనిషి. నా నోటితో సెప్తే ఎవరూ ఇనరు. ఆ పొద్దు తవుడు వట్టి చేతులతో వచ్చినాడు. ఇనుమేదిరా అంటే రెండు చేతులూ తిప్పి సూపించి నవ్వినాడు. తుపాకి ఆడికి ఎక్కడ దొరికిందో నాకు తెల్దు, నారమ్మ తోడు. ఉంటే నాను ఇచ్చుండును కాను. ఆ ముక్క మీరు సెప్పండి. కల్లు పోసిన పాపం నాదే, అది మొయ్యనంటం నేదు. ఇవ్వనిది ఇచ్చినానంటే మొయ్యలేకపోతన్నాను."

బ్రహ్మలింగం తుపాకి అందుకున్నాడు. "చెప్తాను" అన్నాడు. పెద్దలకి చెప్తాననే ఆవిడ అనుకుంది. అతను ఏమనుకున్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదట. గబగబా గురువు పాక వైపు నడిచాడు.

గురువు వాకిట్లో ఒక్కడే ఉన్నాడు. నిన్నటి లొట్టి ముట్టకుండానే పులిసి, నురగ అంచు దాటి నేల మీదకి కారుతోంది. బ్రహ్మలింగం తుపాకి గోడకి ఆనించి, ఆయన కాళ్ల దగ్గర కూలబడి, మంట సంగతి అంతా చెప్పేశాడు. లేచిన మంట, కుంగిన మంట, కసిరిన మాట, అతికిన మీట. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఏడ్చాడు.

"ఆవిడ చెయ్యి పెట్టి అడుగుతుంది గురువుగారూ. నేను అడక్కుండానే తెలుసుకున్నాను. తెలుసుకుని ఇచ్చాను" అన్నాడు.

గురువు దారి వైపు చెయ్యి చూపించాడు. "ఇది చెప్పవలసిన చోటు దారిలో దాటి వచ్చావు" అన్నాడు.

బ్రహ్మలింగం లేచి వెనక్కి పరుగెత్తాడు. పాకలో ఎవరూ లేరు. పొయ్యి మీద నీళ్లు చల్లి ఉన్నాయి. ఎర్నమ్మ తమ్ముడు సామాను కావడికెత్తుకున్నాడనీ, అక్కాతమ్ముళ్లిద్దరూ కొండ దారి పట్టారనీ బయట గంప ఎత్తుకుంటున్న ముత్యాలు చెప్పింది. ఆ రోజు పోవాలని వాళ్లు ముందే అనుకున్నారు. దూలానికి అతని తుపాకి ఉందని, అది ఇచ్చేదాకా ఆగారు. కొండ దారి పైన నాలుగు వైపులకి చీలుతుంది. బ్రహ్మలింగం నాలుగూ కొంత కొంత దూరం పోయి వచ్చాడు.

అక్కడ నుంచి పెద్దల దగ్గరకి వెళ్లి చెప్పాడు. అతని పక్షాన ఇది రాయాలి, చెప్పాడు. వాళ్లు విన్నారు. మునసబు తమ్ముడు తువ్వాలు భుజం మార్చుకుని, "ఆవిడ ఎలాగూ పోయింది కదా. తేలిపోయిన సంగతి ఇప్పుడు కెలకడం ఎందుకు? వాడి వస్తువు వాడికి బాగుచేసిచ్చావు, అందులో తప్పేముంది" అన్నాడు. మిగిలినవాళ్లు అవునన్నారు. బ్రహ్మలింగాన్ని క్షమించడానికి వాళ్లకి అంతసేపు పట్టింది. ఎర్నమ్మ మీద తీర్పు అలాగే ఉండిపోయింది. పాటవాడు ఆ తీర్పునే గురువు శాపంగా మార్చి పాట కట్టాడు.

బ్రహ్మలింగం తరవాత కర్రులు సాగదీశాడు, కొడవళ్లు చేశాడు. తుపాకి చెయ్యలేదు. తొడముక్క ఎవరైనా తెస్తే గడప దాటనివ్వలేదు. పెద్దలు అన్నది గురువుకి చెప్పడానికి ఆ సాయంత్రమే వెళ్లాడు. శిష్యులందరూ అక్కడే ఉన్నారు. బంగారయ్య కూడా ఉన్నాడు, ఆ రోజు నోరెత్తలేదు.

"చెప్పాను గురువుగారూ. వదిలెయ్యమన్నారు" అన్నాడు. మళ్లీ, "నా పాలెంతో మీరు ఇంకా చెప్పలేదు" అన్నాడు.

గురువు లొట్టి తీసి, పులిసిన కల్లుని వాకిట్లో చెట్టు మొదట్లో వంచేశాడు. ఖాళీ లొట్టి కడిగి, బోర్లించి, అందరి వైపూ చూశాడు.

"ఆ ఆడమనిషి పేరు ఎవరు ఎక్కడ ఎత్తినా, తవుడు వట్టి చేతులతో వచ్చాడని ముందు చెప్పండి" అన్నాడు. "పాళ్ల సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం."